లెక్కలు ఎవరి చేతిలో పెడుతున్నాం?

భివండిలో మన ఆసామి నూలు కొనాలంటే నాలుగు దుకాణాలు తిరుగుతాడు. పోగు పట్టి చూడందే బేరం తెంపడు. అదే మనిషి తన వ్యాపారం లెక్కలన్నీ ఒకరికి అప్పజెప్పేటప్పుడు మాత్రం 'నెలకెంత తీసుకుంటాడు?' అన్న ఒక్క ప్రశ్నతో సరిపెడతాడు. పద్మానగర్, కామత్‌ఘర్ గల్లీల్లో ఇది మామూలే. కానీ ఇక సాగేది కాదు.

ఒకప్పుడు సేఠ్ దగ్గరి మునీం రాసిందే లెక్క. మీటరుకింత మజూరీ, వారానికోసారి హిసాబు, అంతే. 2017 జులై 1న జీఎస్టీ వచ్చాక ఆ రోజులు పోయాయి. రిటర్ను ఆలస్యమైతే రోజుకు 50 రూపాయలు, వ్యాపారం జరగకున్నా 20 రూపాయలు రుసుం పడుతుంది. నెలవారీ రిటర్నులు వరుసగా 6 నెలలు వేయకపోతే రిజిస్ట్రేషనే రద్దు కావచ్చు. మన బిల్లు పోర్టల్‌లో ఎక్కకపోతే సేఠ్‌కు ఇన్‌పుట్ క్రెడిట్ రాదు. ఆయన మన మజూరీ ఆపేస్తాడు. తప్పు అకౌంటెంట్‌ది, పస్తు మనది.

'అంతా ఆయనే చూసుకుంటాడు' అనేవాళ్లు ఒక్క మాట గుర్తు పెట్టుకోవాలి. రిటర్ను ఎవరు వేసినా అందులోని లెక్కకు బాధ్యుడు వ్యాపారే అని జీఎస్టీ చట్టం 48వ సెక్షన్ చెబుతోంది. నోటీసు వచ్చేది మన పేరు మీదే.

మరి ఎవరిని ఎంచుకోవాలి? అందరికీ సీఏనే కావాలని లేదు. రెండు నాలుగు సాంచాల మీద మజూరీ పని చేసేవారికి నమ్మకమైన ట్యాక్స్ ప్రాక్టీషనర్ చాలు. ఆడిట్ అవసరమైతే మాత్రం సీఏ సంతకమే చెల్లుతుంది. ఆ సంతకం అసలుదో కాదో తెలుసుకోవడం కష్టమేం కాదు. సీఏ ఇచ్చే ఆడిట్ రిపోర్టు, సర్టిఫికెట్ మీద 18 అక్షరాల యూడీఐఎన్ ఉంటుంది. 2019 నుంచి ఇది తప్పనిసరి. ఐసీఏఐ వెబ్‌సైట్‌లో ఎవరైనా సరిచూసుకోవచ్చు.

అన్నిటికన్నా ముఖ్యం తాళంచెవి. జీఎస్టీ పోర్టల్‌లో మొబైల్ నంబరు, ఈమెయిలు మనవే ఉండాలి. ఓటీపీ మన ఫోనుకే రావాలి. పాన్, ఆధార్ కాగితాలు ఎవరికి, ఎందుకు ఇస్తున్నామో రాసి పెట్టుకోవాలి. పేదల కాగితాలతో బోగస్ సంస్థలు తెరిచి దొంగ బిల్లులు కొట్టిన కేసులు దేశమంతటా బయటపడ్డాయి. పాస్‌వర్డ్ అడిగితే మొహం చాటేసే మనిషి ఎంత చవగ్గా దొరికినా మనకొద్దు.

మంచి అకౌంటెంట్ ఖర్చు కాదు, డబ్బు తెచ్చిపెట్టే మనిషి. ఉద్యమ్ నమోదు ఉచితమని ఆయన చెప్పాలి. నమోదైన చిన్న పరిశ్రమకు, రాతపూర్వక ఒప్పందముంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకుంటే 15 రోజుల్లో డబ్బు చెల్లించాలని 2006 నాటి చట్టం చెబుతోంది. గడువు దాటితే, నిజంగా చెల్లించేదాకా సేఠ్ ఆ మొత్తాన్ని ఆదాయపు పన్నులో ఖర్చుగా చూపుకోలేడు. 2024 ఏప్రిల్ 1 నుంచి ఈ నిబంధన అమల్లో ఉంది. నెలల తరబడి బాకీ కోసం తిరిగే ఆసామికి ఇది చేతికర్ర. ఈ సంగతి చెప్పని అకౌంటెంట్ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

'అంత ఫీజు మేమెక్కడ తెచ్చేది?' అన్నది నిజమైన బాధే. ఒక్కడి వల్ల కానిది పదిమంది కలిస్తే అవుతుంది. ఒకే గల్లీ ఆసాములు కలిసి ఒక మంచి అకౌంటెంట్‌ను పెట్టుకోవచ్చు. మన కుల సంఘాలు పెళ్లిళ్లకు, పండుగలకు హాళ్లు చూపిస్తున్నాయి. వారానికో పూట అదే హాల్లో లెక్కల సలహా ఇప్పించలేవా? నోటీసు మరాఠీలోనో ఇంగ్లీషులోనో వస్తుంది. దాన్ని తెలుగులో విప్పి చెప్పే మనిషి దొరికితే సగం భయం పోతుంది.

పోగు తెగితే సాంచా ఆపి ముడి వేస్తాం. లెక్క తెగితే నోటీసు వచ్చేదాకా తెలియదు. అందుకే అకౌంటెంట్‌ను పెట్టుకున్నా నెలకోసారి కూర్చొని అడగాలి. రిటర్ను వేసిన రసీదు చేతికి తీసుకోవాలి. అడగడం అనుమానం కాదు, యజమాని పని.