గోడ తాకేదాకా పోటీ అయిపోదు

ఈత పోటీలో ఇద్దరు పిల్లలు దాదాపు ఒక్కసారే వచ్చి, అందులో ఒకరు వెంట్రుకవాసిలో గెలిస్తే మనోళ్లు "అదృష్టం రా వానిది" అంటారు. నేను ఒప్పుకోను. అలాంటి పోటీ గోడ దగ్గర పనితనంతో గెలుస్తారు.

2008 బీజింగ్ ఒలింపిక్స్ చూడండి. వంద మీటర్ల బటర్‌ఫ్లైలో సగం దూరానికి అమెరికా ఫెల్ప్స్ ఏడోవాడు. సెర్బియా ఈతగాడు చావిచ్ ముందున్నాడు. చివర్లో చావిచ్ చేతులు చాపి గోడవైపు జారుతూ వచ్చాడు. ఫెల్ప్స్ ఇంకోసారి చేతులు విసిరి పలకను గట్టిగా నొక్కాడు. ఫెల్ప్స్ 50.58 సెకన్లు, చావిచ్ 50.59. సెకనులో నూరో వంతు తేడా!

1972 మ్యూనిక్‌లో ఇంకా చిత్రం. 400 మీటర్ల మెడ్లేలో స్వీడన్ లార్సన్ సెకనులో వెయ్యింట రెండు వంతులతో గెలిచాడు. ఆ తర్వాత లెక్క నూరో వంతు దగ్గరే ఆపేశారు. అంత చిన్న తేడా కొలను కట్టిన మేస్త్రీ పనిలోనే రావచ్చు కదా! అందుకే 2016 రియోలో వంద మీటర్ల ఫ్రీస్టైల్‌లో ఇద్దరమ్మాయిలు 52.70 సెకన్లకే గోడ తాకితే ఇద్దరికీ బంగారమే ఇచ్చారు. వాళ్లలో కెనడా ఒలెక్సియాక్‌కు అప్పుడు 16 ఏళ్లే. నాకు ఈ పద్ధతి బాగా నచ్చింది.

ఇక మన సంగతి. తండా పిల్లలకు ఈత రాదా? నడుముకు ఎండు సొరకాయ కట్టుకుని బాయిలో దూకి నేర్చినోళ్లం. కానీ గోడ దగ్గర గిరుక్కున తిరిగి, కాళ్లతో తన్ని వెనక్కి రావడం బాయిలో ఎవరు నేర్పుతారు? వాగులోనైతే గోడే లేదు. బటర్‌ఫ్లైలో, బ్రెస్ట్‌స్ట్రోక్‌లో రెండు చేతులూ ఒక్కసారే తాకాలి. ఒంటిచేత్తో తాకితే ముందొచ్చినా తీసేస్తారు. ఈ ముక్క చెప్పేవాళ్లు లేక ఓడితే అది చేతగానితనమా?

పైగా మన పాశమైలారం దిక్కు వాగులో దిగమని ఎవర్నీ అనలేం. పటాన్‌చెరు ఫ్యాక్టరీల నీళ్లు కలిసి నక్కవాగు పాడైంది. 1990లోనే కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. గుంటూరు జిల్లా పల్లెలో పుట్టిన శంషేర్ ఖాన్ మిలిటరీలో చేరి, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఈదాడు. మన పిల్లలు మిలిటరీలో చేరేదాకా ఆగాలా?

2002 జాతీయ క్రీడలకని గచ్చిబౌలిలో పెద్ద కొలను కట్టారు. అక్కడికి రోజూ ఎవరు తీసుకుపోతారు? ఇన్ని ఫ్యాక్టరీలున్న చోట 25 మీటర్ల కొలను ఒక్కటి కట్టలేరా? మలుపు నేర్వడానికి నాలుగైదు అడుగుల లోతు చాలు. ఆడపిల్లలకు వేరే టైం పెట్టాలి, నేర్పడానికి మేడం ఉండాలి. లేకుంటే ఇంట్లో పంపరు.