గ్నాస్టిసిజం: ప్రత్యర్థి పెట్టిన పేరుతో పరిశోధన

గ్నాస్టిసిజం అనే మాట క్రీ.శ. రెండవ శతాబ్దిలో లేదు. 1669లో హెన్రీ మోర్ అనే ఆంగ్ల ప్రొటెస్టెంటు తాత్త్వికుడు కేథలిక్ మతాన్ని ఎండగట్టే సందర్భంలో దానిని ప్రయోగించాడు. నేడు శాస్త్రీయ పరిభాషగా చెలామణి అవుతున్న ఈ పదం పుట్టుకతోనే నిందావాచకం. ఈ సంగతి తెలిసిన పరిశోధకులు కూడా ముందుగా ఆ పేరును ప్రాచీన గ్రంథాలకు అంటగట్టి, తరువాత ఆ గ్రంథాలలో దాని లక్షణాలను వెదకి, దొరికాయని సంతృప్తి చెందడం విడ్డూరం.

1945 వరకు ఈ వర్గాల గురించి తెలిసినదంతా దాదాపుగా వారి శత్రువులు చెప్పినదే. క్రీ.శ. 180 ప్రాంతంలో లియోన్ బిషప్ ఇరేనియస్ రచించిన ఖండనగ్రంథం అందులో ప్రధానమైనది. ప్రత్యర్థి సాక్ష్యమైనంత మాత్రాన అసత్యం కానక్కరలేదన్న వాదం ఉంది. అది కొంతవరకు అంగీకరించదగినదే. ఇరేనియస్ ఇచ్చిన ఒక సారాంశం నాగ్ హమ్మాదిలో లభించిన ‘యోహాను రహస్య గ్రంథం’ పూర్వభాగంతో చక్కగా సరిపోతుంది. అయితే ఆ సారాంశం అహంకారి అయిన సృష్టికర్త తానొక్కడినే దేవుడినని ప్రకటించుకునే ఘట్టంతో ఆగిపోతుంది. మూలంలో దాని తరువాత మానవసృష్టి, ఆత్మల గతి, విముక్తి గురించి సుదీర్ఘమైన సంభాషణ ఉంది. ఆ భాగం లేకుండా చదివినవారికి మిగిలేది వింత దేవతల వంశావళి మాత్రమే. పాల్కురికి సోమనాథుని కావ్యాలను బట్టి జైనమతాన్ని నిర్వచించడానికి ఏ తెలుగు పరిశోధకుడూ సాహసించడు. ఆ జాగ్రత్త ఇరేనియస్ విషయంలో ఎందుకు సడలుతున్నదో తెలియదు.

నాగ్ హమ్మాదిలో దొరికిన పదమూడు కాప్టిక్ సంపుటాలలో ఆరవదానిని పరిశీలిస్తే ఈ పేరు ఎంత అసంగతమో తేటపడుతుంది. అపొస్తలుల కథ, హెర్మెస్ పేరిట వెలసిన రచనలు, ప్లేటో ‘రిపబ్లిక్’లోని ఒక ఖండిక అందులో పక్కపక్కనే ఉన్నాయి. వాటిని ఒకే సంపుటంగా కూర్చినవానికి ఆధునికులు గీసిన సరిహద్దు తెలియదు. ఆ సంపుటాలలోని ఏ రచనా తనను ‘గ్నాస్టిక్’ అని చెప్పుకోలేదు. పైగా ఆ మాటను ఆదర్శ క్రైస్తవునికి గౌరవనామంగా వాడినవాడు అలెగ్జాండ్రియాకు చెందిన క్లెమెంట్. అతడు చర్చి పక్షం వాడే.

1996లో మైకేల్ విలియమ్స్ ఈ వర్గనామాన్నే విసర్జించాలన్నాడు. 2003లో కారెన్ కింగ్ దాని వెనుక ఉన్న మతఖండన చరిత్రను విప్పి చూపింది. ఇంత జరిగాక కూడా అదే దోషం మరింత విశాలమైన రంగంలో తిరిగి తలెత్తింది. ఆమ్‌స్టర్‌డామ్ ఆచార్యుడు వౌటర్ హనెగ్రాఫ్ 2012లో వెలువరించిన గ్రంథంలో పాశ్చాత్య గూఢవిద్యను ‘తిరస్కృత జ్ఞానం’గా భావించాడు. ప్రొటెస్టెంటు పండితులు, వారి తరువాత జ్ఞానోదయ యుగపు చరిత్రకారులు వేటిని ఎలా వెలివేశారో తెలుసుకోవడానికి అంతకు మించిన గ్రంథం లేదు. కాని వెలి చరిత్ర వేరు, వెలివేయబడినవారి చరిత్ర వేరు. తిరస్కారమే నిర్వచనమైతే, ఫిచినో, పారసెల్సస్, బోమె తమ రచనలలో ఏమి చెప్పదలచారన్న ప్రశ్న వెనుకబడి, వారిని ఎవరు కాదన్నారన్నదే ముందుకు వస్తుంది. నిర్వచించే అధికారం మళ్లీ ప్రత్యర్థికే దక్కుతుంది.

తెలుగులో దీనికి మరొక పొర చేరింది. ‘గ్నోసిస్’ను ‘జ్ఞానం’గా, గూఢవిద్యను ‘గుప్తవిద్య’గా అనువదించడం సహజమనిపిస్తుంది, రెండు పదాల ధాతువు ఒక్కటే కూడా. కాని ఈ సమీకరణకు ఒక చరిత్ర ఉంది. 1882లో అడయారుకు చేరిన దివ్యజ్ఞాన సమాజం దానిని బలంగా ప్రచారం చేసింది. బ్లావట్‌స్కీ 1888 నాటి రచనలో ‘గుప్తవిద్య’ అన్న మాటనే వాడింది. ఆమె అనుయాయి మీడ్ 1896లో ‘పిస్టిస్ సోఫియా’ను ఆంగ్లంలోకి తెచ్చాడు. ధాతువు కలిసినంత మాత్రాన దర్శనం కలవదు. అద్వైతంలో అజ్ఞానం తొలగితే ప్రపంచం మిథ్యగా తేలుతుంది. ‘యోహాను రహస్య గ్రంథం’లో ప్రపంచం యాల్డబావోతు అనే అజ్ఞాని చేసిన నిర్మాణం, అది కల్ల కాదు, చెర. ఆ యాల్డబావోతును ఏ ఉపనిషత్తులో వెదకాలో ఈ సమీకరణ చేసినవారే చెప్పాలి.