ముందు చక్రాన్ని చూద్దాం, తర్వాత మౌసు పడదాం



ఫ్రీక్యాడ్‌లో కొత్తగా బొమ్మలు నేర్చుకుంటున్న మనలో చాలామంది సైకిల్ చక్రం గీస్తున్నాం. మంచిదే. కానీ అందరి చక్రాలూ ఒకేలాగ ఉంటున్నాయి. హబ్బు నుంచి రిమ్ముకు తిన్నగా పుల్లలు, సూర్యుడి బొమ్మలాగ! అలాంటి వెనక చక్రం చూడ్డానికే గానీ తొక్కడానికి పనికిరాదు.

ఒక సైకిల్‌ని తిరగేసి చూడండి. పుల్లలు హబ్బు అంచు నుంచి ఏటవాలుగా బయల్దేరి ఒకదాన్నొకటి దాటుకుంటూ పోతాయి. ఎందుకు? తొక్కినప్పుడు గొలుసు హబ్బును తిప్పుతుంది. హబ్బు రిమ్మును తనతో లాక్కుపోవాలి. తిన్నగా నిలబడ్డ పుల్ల ఆ లాగుడికి ఆగదు.

ఇక లెక్క. 36 పుల్లల చక్రంలో హబ్బుకు ఒక్కో పక్క 18. వాటిలో 9 ముందుకు, 9 వెనక్కి వాలతాయి. 360ని 9తో భాగిస్తే 40. అంటే ఒక్క పుల్ల గీసి పోలార్ ప్యాటర్న్‌లో 9 అని కొడితే 40 డిగ్రీలకొకటి వచ్చేస్తుంది. రెండు వాలులకు, రెండు పక్కలకు కలిపి నాలుగుసార్లు చేస్తే సరి. అవతలి పక్క పుల్లలు మాత్రం 10 డిగ్రీలు జరిగి ఉండాలి.

ల్యాబ్‌లో మనకు దొరికే టైము తక్కువ. అందుకే వార్డెన్ సార్‌కు ఒక మనవి. ఒక పాత చక్రాన్ని ల్యాబ్ గోడకు తగిలించండి. స్కేలు, కోణమానిని మా దగ్గరే ఉన్నాయి. కొలిచి, కాగితం మీద వేసుకున్నాకే మౌసు పడతాం. కంప్యూటర్ మనం చెప్పిందే గీస్తుంది. తప్పు చెప్పినా గీస్తుంది.

ఏమంటారు?