వేసి మర్చిపోయే షెడ్డు

"ఒక్కసారి వేసేస్తే చాలు సార్, ముప్ఫై ఏళ్ళు తిరిగి చూడక్కర్లేదు."

ఇనుప షెడ్డు వేయించుకున్న ప్రతివాడూ ఈ మాట ఎక్కడో ఒకచోట వినే వుంటాడు. నేనూ విన్నాను. విన్నవాణ్ణి వినక నమ్మాను కూడా. ఈ టపా ఆ మాట చెప్పేవాళ్ళ మీద కాదు, వాళ్ళు సరుకు అమ్ముకోవాలి కాబట్టి చెప్తారు. నమ్మి, డబ్బు కట్టి, చేతులు దులుపుకునే నాలాంటి వాళ్ళ మీద. కాస్త ఘాటుగా వుంటే ఏమీ అనుకోకండి, తిట్లలో మొదటి వాటా నాదే.

మాది బనగానపల్లె. మామిడిపండు పేరుగా మీకందరికీ తెలిసిన వూరే. అప్పట్లో కర్నూలు జిల్లా, 2022 నుంచి నంద్యాల జిల్లా. వుద్యోగంలో చేరిన రెండో ఏడు, అంటే 2019లో, మా ఇంటి వెనక ట్రాక్టరు పెట్టుకోవడానికి 20 అడుగులకు 30 అడుగుల షెడ్డు వేయించాను. ఇనుప పైపుల స్తంభాలు, పైన నీలం రంగు రేకులు, మూడు పక్కలా రేకులే గోడలు, ముందు వైపు ఖాళీ. బెంగళూరు నుంచి డబ్బు పంపాను. ఫోటోలు వాట్సాప్‌లో వచ్చాయి. టీంలో నలుగురికీ చూపించుకున్నాను. ఆ తర్వాత దాని మొహం మళ్ళీ చూస్తే ఒట్టు.

పోయిన మే నెలలో ఒక సాయంత్రం గాలివాన వచ్చింది. మా వైపు ఏటా వచ్చేదే, తోటల్లో కాయలన్నీ రాల్చిపోయే గాలి. షెడ్డు మీద ఒక రేకు మూల లేచి టపటపా కొట్టుకోవడం మొదలైంది. మా నాయనకు అరవై రెండేళ్ళు. నిచ్చెన వేసుకుని, ఇరవై కిలోల నాపబండ భుజాన పెట్టుకుని పైకెక్కాడు. "రెండు బండలు పెడితే అదే అణిగి పడుంటుందిలే" అని. రెండు విడతలుగా రెండు బండలూ పెట్టి దిగాడు. దిగిన పది నిమిషాలకు ఆ రేకు, దాని పక్క రేకు కలిసి లేచి, పక్కింటి వాళ్ళు ఎనుమును కట్టేసే చోట పడ్డాయి. బండలతో సహా. వాన వస్తుందని ఎనుమును అప్పుడే లోపలికి తోలుకుపోయారు కాబట్టి సరిపోయింది.

రాత్రి అమ్మ ఫోన్ చేసింది. "నీ షెడ్డు కోసం మీ నాయన పొయ్యేటోడు రా ఈ పొద్దు" అంది.

నీ షెడ్డు. మా నాయన ట్రాక్టరు, మా నాయన స్థలం, కానీ షెడ్డు మాత్రం నాది. నిజమే మరి, కొన్నది నేను, మర్చిపోయింది కూడా నేనే.

మన వాళ్ళకు లెక్కలు చెప్తే గానీ ఎక్కదు కాబట్టి ముందు ఈ బండల సంగతి తేలుద్దాం. రాయలసీమలో రేకుల కప్పు మీద నాపబండలు లేని ఇల్లు వెతకాలి. బేతంచెర్ల, బనగానపల్లె, కొలిమిగుండ్ల చుట్టుపక్కల బండకు కరువు లేదు కదా, అందుకని రేకు కదిలితే చాలు బండ పెట్టేస్తాం. గాలి ఒత్తిడి లెక్కకు ఐ.ఎస్. 875 మూడో భాగంలో సూత్రం వుంది. సెకనుకు మీటర్లలో గాలి వేగాన్ని వర్గం చేసి 0.6తో గుణిస్తే చదరపు మీటరుకు ఎన్ని న్యూటన్లో వస్తుంది. గంటకు 72 కిలోమీటర్ల గాలి అంటే సెకనుకు 20 మీటర్లు. చదరపు మీటరుకు 240 న్యూటన్లు, సుమారు 24 కిలోల బరువుతో సమానం. నా షెడ్డు కప్పు దాదాపు 55 చదరపు మీటర్లు. మొత్తం కలిపితే 1300 కిలోలు. అర మిల్లీమీటరు రేకు బరువు చదరపు మీటరుకు నాలుగైదు కిలోలకు మించదు, అంటే కప్పు మొత్తం పావు టన్ను. పైన నలభై కిలోల బండలు!

ఇది మామూలు గాలి సంగతి. అదే ప్రమాణంలో కర్నూలుకు ఇచ్చిన ప్రాథమిక గాలి వేగం సెకనుకు 39 మీటర్లు. దాంతో లెక్కేస్తే ఐదు టన్నులు దాటుతుంది. కప్పు వాలునుబట్టి, షెడ్డు ఆకారాన్నిబట్టి ఈ అంకెలు పెరగొచ్చు, తగ్గొచ్చు. కానీ ఒక పక్క తెరిచి వున్న షెడ్డుకు కష్టం ఎక్కువే, ఎందుకంటే గాలి లోపల దూరి కింది నుంచి నెడుతుంది, పైన పోయే గాలి ఎత్తుకుపోవాలని చూస్తుంది. ఈ ఆట మొత్తాన్ని ఆపాల్సింది స్క్రూలు, బండలు కాదు. బండ రేకును ఆపదు. రేకు లేచినప్పుడు బండ కూడా లేచి ఎవరి నెత్తిన పడాలో చూసుకుంటుంది.

వారం తర్వాత సెలవు పెట్టి వూరెళ్ళి, వెల్డింగ్ పని చేసే అతన్ని తోడు తీసుకుని షెడ్డు మొత్తం చూశాను. ఇక్కడే నాకు అసలు జ్ఞానోదయం అయ్యింది. రేకులు బాగున్నాయి. ఆరేళ్ళ ఎండకు రంగు కాస్త వెలిసింది, అంతే.

బాగుండక ఏమవుతాయి? మనది పొడి వాతావరణం. జింకు పూత ఏ గాలిలో ఎంత అరుగుతుందో ఐ.ఎస్.ఓ. 9223 అనే ప్రమాణంలో తరగతులు వున్నాయి. తుప్పు తక్కువుండే సి2 తరగతిలో ఏడాదికి 0.1 నుంచి 0.7 మైక్రాన్లు. బాగా ఎక్కువుండే సి5లో, ఉప్పుగాలి బలంగా తగిలే సముద్రపు ఒడ్డు లాంటి చోట్ల, 4.2 నుంచి 8.4 మైక్రాన్లు. 275 జి.ఎస్.ఎం. పూత అంటే రెండు వైపులా కలిపి చదరపు మీటరుకు 275 గ్రాములు, ఒక్కో వైపు సుమారు 19 మైక్రాన్లు. ఒడ్డున నాలుగేళ్ళలో హరించుకుపోగల పూత మా వూళ్ళో పాతికేళ్ళకు పైనే నిలబడాలి. అమ్మినవాడు చెప్పిన ముప్ఫై ఏళ్ళు పూర్తి అబద్ధం కాదన్నమాట. రేకు వరకూ నిజమే.

కానీ షెడ్డు అంటే రేకు ఒక్కటే కాదు కదా. పోయినవన్నీ వేరే. స్క్రూల కింద వుండే రబ్బరు వాషర్లు ఎండకు బీటలు వారి, కొన్ని పొడిపొడిగా రాలిపోయాయి. ఆరు మీటర్ల రేకు పగటికీ రాత్రికీ నలభై డిగ్రీల తేడాలో దాదాపు మూడు మిల్లీమీటర్లు సాగి ముడుచుకుంటుంది. రోజూ. ఆరేళ్ళ పాటు. ఆ లాగుడుకు స్క్రూ రంధ్రం వెడల్పవుతుంది, వాషరు లేని చోట నీళ్ళు దిగుతాయి, స్క్రూ తుప్పు పడుతుంది, గాలి రోజున తల తెగుతుంది. లేచిన ఆ రెండు రేకుల మీద సగానికి సగం స్క్రూలు వేలితో తిప్పితే తిరిగాయి.

ఇంకా వుంది. కటింగ్ మిషన్‌తో రేకు కోసిన అంచుల్లో పూత కాలిపోయి ఎర్రగా తుప్పు. ఆ మిషన్ నిప్పురవ్వలు పడిన చోటల్లా రేకు మీద చుక్కలు చుక్కలుగా తుప్పు. రేకును కత్తెరతో కోయాలి, ఆ చక్రంతో కాదు అని అప్పుడు అడిగేవాడు ఎవడు? స్తంభాల వెల్డింగ్ అతుకుల మీద తుప్పు వదిలించకుండానే రెడ్ ఆక్సైడ్ పూశారు. కాబట్టి రంగు కింద తుప్పు హాయిగా పెరుగుతోంది. ఒక స్తంభం మొదట్లో మేమే మట్టి ఎగదోసి, దానికే ఎనుమును కట్టేవాళ్ళం. తడి, ఉచ్చ, పేడ కలిసి ఆ పైపు అడుగు జానెడు మేర చిల్లులు పడింది. యాగంటి బసవన్న పెరుగుతున్నాడో లేదో పెద్దలు తేల్చుకుంటారు గానీ, మా స్తంభం మాత్రం నిజంగానే లావెక్కింది. తుప్పు ఇనుముకన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది మరి :-)

గమనించారా? ఇందులో ఒక్కటి కూడా ఇనుము తప్పు కాదు. ఏడాదికి ఒక్కసారి ఎవడైనా నిచ్చెనేసి చూసి వుంటే, వదులైన స్క్రూలు మార్చి, స్తంభాల మొదలు మట్టి తీసి, అంచులకు రంగు కొట్టి వుంటే, నా లెక్కన మూడు వేలతో పోయేది. చూడనందుకు 38 వేలు అయ్యింది. మా నాయన జారి వుంటే ఆ లెక్క ఎంతయ్యేదో వేసే ధైర్యం నాకు లేదు.

ఇనుము ఎన్నాళ్ళుంటుందని అడిగేవాళ్ళు రాజమండ్రి వెళ్ళి గోదావరి మీద హేవలాక్ వంతెన చూడండి. 1900లో మొదలై 1997 దాకా రైళ్ళు నడిచాయి దాని మీద. తొంభై ఏడేళ్ళు, అదీ నది మీద తడిగాలిలో. ఆ ఇనుము దేవలోకం నుంచి రాలేదు. రైల్వేలో ప్రతి వంతెనకూ తనిఖీ వుంటుంది, దానికో రిజిస్టరు వుంటుంది, చూడాల్సిన అధికారి ఎవరో రాసి వుంటుంది. నా షెడ్డుకు ఇందులో ఏదీ లేదు.

అంత దూరం ఎందుకు, మా తాత మట్టిమిద్దె చూద్దాం. దూలాలు, వాటి మీద బండలు, ఆపైన మట్టి, అన్నిటికన్నా పైన చౌడు. వానాకాలం వచ్చే ముందు బండి కట్టుకుని పోయి చౌడు తెచ్చి మిద్దె మీద పోసేవాళ్ళు. అది ఇంటిల్లిపాదీ చేసే పని, అందరికీ గుర్తుండే పని. పొయ్యకపోతే మిద్దె కారుతుందని పిల్లవాడికి కూడా తెలుసు. మట్టిమిద్దె గొప్పదని నేను చెప్పట్లేదు, దాని బాధలు దానికున్నాయి. కానీ ఆ కప్పుతో పాటు ఒక బాధ్యత కూడా వచ్చేది, అది ఎవరిదో తెలిసేది. రేకుల షెడ్డు వచ్చాక మనం వదిలేసింది చౌడు బరువును మాత్రమే కాదు, ఏటా ఒకసారి పైకెక్కి చూసే అలవాటును కూడా.

ఇప్పుడు అసలు తిట్లు. మనం చేసే వుద్యోగమేమిటి? సర్వర్లు పడిపోకుండా చూసుకోవడం. ప్యాచ్ వెయ్యని మెషీన్ వుంటే మేనేజర్ ప్రాణం తీస్తాం. ప్రొడక్షన్‌లోకి వెళ్ళిన రోజే సపోర్ట్ మొదలవుతుందని కొత్తగా చేరిన కుర్రాళ్ళకు పాఠాలు చెప్తాం. అయినా ఎవడికైనా మెయింటెనెన్స్ ప్రాజెక్ట్ ఇస్తే మొహం మాడ్చుకుంటాం, కొత్త డెవలప్‌మెంట్ ఇస్తే పార్టీ ఇస్తాం. ఆ బుద్ధినే ఇంటికీ తెచ్చుకున్నాం. వూళ్ళో షెడ్డు, బోరు, సోలార్ హీటరు, సీసీ కెమెరా అన్నీ మనమే పెట్టిస్తాం. ఫోటో తీసి స్టేటస్ పెడతాం. తర్వాత ఆ సపోర్ట్ టికెట్లన్నీ ఎవరికి వెళ్తున్నాయో తెలుసా? అరవై దాటిన అమ్మానాన్నలకు. జీతం లేని ఆన్‌కాల్ డ్యూటీ వాళ్ళది. పైగా ఫోన్లో "అంతా బాగుందా?" అంటే "బాగుంది నాయనా" అంటారు. మనం టికెట్ క్లోజ్ చేసేస్తాం.

"రంగు రేకులకు వారంటీ వుంది కదా" అంటారా? ఆ కాగితం ఒకసారి పూర్తిగా చదవండి. సాధారణంగా అది రేకుకూ రంగుకూ మాత్రమే. స్క్రూలకు, బిగింపుకు, స్తంభాలకు కాదు. పశువుల్ని కట్టే షెడ్లను మినహాయించేవి చాలా వున్నాయి, ఎందుకంటే పేడ, ఉచ్చల ఆవిరి పూతను తినేస్తుంది. క్లయింటు కాంట్రాక్టులో చిన్న అక్షరాలు చదివి జీతం తెచ్చుకునే మనం, నాయన నెత్తి మీద కప్పు కాగితం చదవం.

"స్లాబ్ వేసుంటే ఈ గోల వుండేది కాదు" అని ఇంకొకరు. స్లాబ్ లోపల వుండేది ఇనుమే బాబూ. నీళ్ళు దిగితే అదీ తుప్పు పడుతుంది, పెచ్చులూడుతుంది. కాకపోతే లోపల జరుగుతుంది కాబట్టి ఆలస్యంగా తెలుస్తుంది. చూసుకోనక్కర్లేని కప్పు ఇంతవరకూ ఎవడూ కనిపెట్టలేదు.

మరేం చెయ్యాలి? పెద్ద బ్రహ్మవిద్య ఏమీ కాదు. మనం వూరెళ్ళే పండగలకే పని పెట్టుకోండి. ఉగాదికి, అంటే ఎండాకాలం గాలుల ముందు, ప్రతి స్క్రూ చూడాలి. వదులుంటే బిగించకూడదు, కాస్త లావు స్క్రూ మంచి ఈ.పీ.డీ.ఎమ్. వాషరుతో వెయ్యాలి. మరీ బిగిస్తే వాషరు నలిగి చస్తుంది. దీపావళికి, అంటే వానలయ్యాక, స్తంభాల మొదళ్ళలో మట్టి తీసి, తుప్పును బ్రష్‌తో ఇనుము మెరిసేదాకా గీకి, అప్పుడు ప్రైమరు, ఆపైన రంగు. కప్పు మీద చేరిన ఆకులు, దుమ్ము వూడ్చాలి. మా వైపు బండల పాలిష్ ఫ్యాక్టరీల దుమ్ము ఎక్కువ, అది తడిని పట్టుకుని రేకును ఆరనివ్వదు. పశువుల్ని స్తంభానికి కట్టకండి, విడిగా గుంజ పాతండి. అన్నిటికన్నా ముఖ్యం, పైకి ఎక్కేది పనివాడు, నడుముకు తాడు కట్టుకుని, అడ్డపైపుల మీద పలక వేసుకుని ఎక్కాలి. మీ నాయన కాదు.

నేను ఏడాదికి రెండు రిమైండర్లు పెట్టుకున్నాను. కొత్త స్క్రూలు వేయించాను, చిల్లులు పడ్డ స్తంభం మార్పించాను. పైన మిగిలిన బండలన్నీ దింపించేశాను. నిచ్చెన పక్కింటి వాళ్ళ దగ్గర పెట్టించాను, నాయన అడిగినా ఇవ్వొద్దని చెప్పి. ఆయన దానికి నా మీద ఇంకా కోపంగానే వున్నాడు. వుండనీ.

మీ వూళ్ళో, మీ డబ్బుతో వేసిన షెడ్డు మీద ఎన్ని బండలున్నాయో ఈ రాత్రి ఫోన్ చేసి కనుక్కోండి. ఒక్కటున్నా, మీ టికెట్ ఇంకా ఓపెన్‌లోనే వుందని అర్థం.