సరకు విమానమునకు తగిన చోదకుడు

మనము నిద్రించు వేళ మనకొఱకు మేలుకొనియుండువారు లోకమున పెక్కుమంది కలరు. రైలుబండిని నడపువారు, ఆసుపత్రిలో రోగులను కనిపెట్టియుండు నర్సులు, విద్యుత్కేంద్రములలో పనిచేయు కార్మికులు మనకు తెలిసినవారే. కాని అర్ధరాత్రమున మబ్బులపైగా మందుపెట్టెలను, ఉత్తరములను, యంత్రముల విడిభాగములను మోసికొనిపోవు విమానచోదకుని తలచుకొనువారు అరుదు. 2021 జనవరిలో హైదరాబాదున తయారైన కోవిడ్ టీకామందు పెట్టెలు విమానములలో దూరపు నగరములకు చేరినప్పుడు మనము టీకానుగూర్చి చాల ముచ్చటించుకొంటిమి. దానిని మోసినవారినిగూర్చి అంతగా ముచ్చటింపలేదు.

పైలట్ అనగానే బాలబాలికల మనస్సులో మెదలు చిత్రము వేరు. తెల్లని చొక్కా, భుజములపై బంగారు పట్టెలు, వెనుక వందలకొలది ప్రయాణికులు, దిగునప్పుడు చేతులెత్తి నమస్కరించువారు. సరకు విమానమును నడపువానికి ఈ వైభవము లేదు. అతని వెనుక ఉండునవి పెట్టెలు. అతడు దిగునది తరచుగా జనులు మసలని మూల, తెల్లవారుజామున. అందుచేత అది తక్కువ కొలువనియు, ప్రయాణికుల విమానములలో చోటు దొరకనివారు చేరు కొలువనియు కొందరు తలంచుచున్నారు. ఈ తలంపు సరికాదని నా అభిప్రాయము. ఎవ్వరును చూడని వేళ కూడ పనిని సరిగా చేయువాడే ఆ కొలువునకు తగినవాడు. అట్టివానిని వెదకి తీసికొనుట సంస్థ మొదటి బాధ్యత. తీసికొన్న పిమ్మట అతనికి తగిన విశ్రాంతి నిచ్చుట రెండవ బాధ్యత.

విమానము పుట్టిన తొలిదినములలోనే దానికి దొరకిన పనులలో ఉత్తరములు మోయుట యొకటి. 1911 ఫిబ్రవరి 18వ తేదీన హెన్రీ పికే అను ఫ్రెంచి చోదకుడు అలహాబాదునుండి సుమారు 6,500 ఉత్తరములతో యమునానదిని దాటి నైనీకి చేరెను. ఆ దూరము సుమారు 10 కిలోమీటర్లు మాత్రమే. 1932 అక్టోబరు 15వ తేదీన జె.ఆర్.డి. టాటా కరాచీనుండి అహమ్మదాబాదు మీదుగా బొంబాయికి టపాసంచులను ఒక చిన్న విమానమున తెచ్చెను. అచ్చటినుండి నెవిల్ విన్సెంటు వానిని బళ్లారి మీదుగా మద్రాసునకు చేర్చెను. 1949 జనవరిలో రాత్రి టపా విమానములు మొదలైనవి. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు నగరములనుండి రాత్రివేళ బయలుదేరిన విమానములు నాగపురమున కలిసికొని, సంచులను మార్చుకొని, తెల్లవారునప్పటికి తమతమ నగరములకు మరలెడివి. 1973లో అమెరికాలోని మెంఫిస్ నగరము కేంద్రముగా ఫెడరల్ ఎక్స్‌ప్రెస్ అను సంస్థ పొట్లములను రాత్రికిరాత్రి చేర్చుటకు ఇట్టి పద్ధతినే అనుసరించెను. మన దేశమున చెన్నపట్టణము కేంద్రముగా బ్లూ డార్ట్ వారి సరకు విమానములు 1996 నుండి తిరుగుచున్నవి.

మరి ఇట్టి పనికి మనిషిని ఎట్లు ఎన్నుకొనవలెను? ఫ్రాన్సు దేశమున ఇంచుమించు నూరేండ్ల క్రిందటనే ఒకరు ఈ ప్రశ్నకు తమదైన సమాధానము చెప్పిరి. తులూజు నగరమునుండి స్పెయిను, మొరాకో దేశముల మీదుగా ఆఫ్రికా తీరమునకు టపా మోయు సంస్థ యొకటి ఉండెను. దాని విమానములను నడపించు అధికారి పేరు దిదియే దోరా. కొలువు కోరి వచ్చిన చోదకుని ఆయన వెంటనే విమానమెక్కింపడు. ముందుగా కర్మశాలకు పంపును. అచ్చట ఆ యువకుడు నూనె మరకల నడుమ ఇంజను భాగములను కడుగుచు, తుడుచుచు కొంతకాలము గడపవలెను. తరువాత లోకప్రసిద్ధుడైన రచయిత సెంతెగ్జూపెరీ కూడ 1926లో అచ్చట చేరినప్పుడు మొదట కర్మశాలలోనే పనిచేసెను.

1924లో జాన్ మెర్మోజ్ అను యువకుడు ఆ సంస్థకు వచ్చెను. విమానమును నడపి చూపుమనగా అతడు ఉత్సాహమున ఆకాశమున పల్టీలు కొట్టి తన నేర్పునంతయు ప్రదర్శించెను. దోరా సంతోషింపలేదు. గారడీలు చేయువారు తమకు అక్కరలేదని మందలించి, మరల సరిగా ఎగిరి చూపుమనెను. మెర్మోజ్ ఈసారి నిదానముగా ఎగిరి, కుదురుగా దిగెను, కొలువు దొరకెను. ఆ మెర్మోజే 1930 మే నెలలో ఆఫ్రికానుండి దక్షిణ అమెరికాకు అట్లాంటిక్ మహాసముద్రముమీదుగా టపాను ఎక్కడను ఆగక చేర్చెను. 1936 డిసెంబరులో అదే సముద్రముపై టపా మోయుచు అతడు అదృశ్యుడయ్యెను. దోరా పద్ధతి కఠినమే. ఐనను అందులో ఒక వివేకము కలదు. తన చేతితో ఇంజనును కడిగినవాడు దాని మొర వినగలడు. మెప్పుకొఱకు ఎగురువాడు మెచ్చువారు లేనిచోట ఏమి చేయునో ఎవ్వరు చెప్పగలరు?

నేడు కర్మశాలలో తుడుపుపని లేదు. దానికి బదులు అనుభవపు గంటలు కలవు. మన దేశమున వృత్తిచోదకుని లైసెన్సు పొందుటకు కనీసము 18 ఏండ్ల వయస్సు, వైద్యపరీక్షలో ఉత్తీర్ణత, 200 గంటలు విమానమును నడపిన అనుభవము కావలెను. పెద్ద విమానమున కెప్టెను కావలెనన్నచో దానికి పై లైసెన్సు వేరుగా కలదు. అందుకు 1500 గంటల అనుభవము అవసరము. అమెరికాలో చిన్న సరకు విమానమును మబ్బులలో పరికరములనే నమ్ముకొని నడపు కెప్టెనునకు కనీసము 1200 గంటల అనుభవము ఉండవలెనని నియమము. అందులో 100 గంటలు రాత్రివేళ నడపినవై యుండవలెను. అచ్చట యువచోదకులు పలువురు ఒకే ఇంజను గల విమానములలో చిన్న పట్టణములకు పొట్లములు మోసి, గంటలను ఒక్కొక్కటిగా కూడబెట్టుకొని, పిదప పెద్ద సంస్థలకు దరఖాస్తు చేయుదురు.

ఈ గంటలన్నియు ఒక పుస్తకమున వ్రాయబడును. వ్రాయువాడు ఆ చోదకుడే. లేని గంటను ఉన్నట్లు వ్రాయుట కష్టము కాదు. కాని అట్లు వ్రాసినవాడు ఆకాశమున ఇంధనపు ముల్లు చూపు అంకెను కూడ తనకు నచ్చినట్లు చదువుకొనును. కావుననే మంచి సంస్థలు గంటల సంఖ్యతో తృప్తిపడవు. సిమ్యులేటరు అను కృత్రిమ విమానమున కూర్చుండబెట్టి ఒక ఇంజను ఆగినట్లు చేసి చూచును. ఎదుట కూర్చుండబెట్టి ప్రశ్నించును. “గమ్యస్థానమున పొగమంచు కమ్మినది. ఇంధనము తగ్గుచున్నది. పెట్టెలు ఉదయమునకు చేరకున్నచో సంస్థకు నష్టము. నీవేమి చేయుదువు?” “నీ ప్రక్కనున్న కెప్టెను తప్పుచేయుచున్నాడని నీకు తోచినది. అతడు నీకంటె పెద్దవాడు. నీవేమి చెప్పుదువు?” తెగించి దిగెదనను వానికంటె మరియొక విమానాశ్రయమునకు మరలెదనని చెప్పువాడు ఈ కొలువునకు తగినవాడు. పెద్దవారిని గౌరవించుచునే వారి తప్పును వెంటనే చెప్పగలవాడు తగినవాడు.

ఇచ్చట కొందరు ఒక ఆక్షేపణ చెప్పవచ్చును. పెట్టెలకు ప్రాణము లేదు గదా, ప్రయాణికుల విమానమునకు కావలసినంత జాగ్రత్త దీనికేల యని. ఈ మాటకు జరిగిన సంగతులే సమాధానము. 2013 ఏప్రిల్ 29వ తేదీన ఆఫ్గనిస్థానమున బగ్రాం అను చోట సైనిక వాహనములతో బయలుదేరిన ఒక బోయింగు 747 సరకు విమానము నేలవిడిచిన కొన్ని క్షణములకే కూలినది. బరువైన వాహనమునకు కట్టిన కట్లు చాలక అది వెనుకకు జారి, తోకభాగమున విమానమును అదుపుచేయు యంత్రములను చెరచినది. అందున్న ఏడుగురును మరణించిరి. 2010 సెప్టెంబరు 3వ తేదీన దుబాయినుండి బయలుదేరిన మరియొక సరకు విమానమున లిథియం బ్యాటరీలున్న సరకులో నిప్పు పుట్టెను. పొగ చోదకుల గదిని కప్పివేయగా కెప్టెను స్పృహ తప్పెను. సహచోదకుడు పరికరములైనను కానరాని స్థితిలో ఒంటరిగా విమానమును నడపెను, కాని దింపలేకపోయెను. ఇరువురును మరణించిరి. పెట్టెలకు ప్రాణము లేకపోవచ్చును. వానిని మోయువారికి కలదు. ఆ విమానము క్రిందనున్న ఊళ్లకును కలదు. ప్రయాణికుడు నడుమునకు పట్టీ కట్టుకొనుమనిన కట్టుకొనును. సరకు చెప్పినమాట వినదు. దాని బరువు ఎంత, ఎక్కడ ఉన్నది, ఎట్లు కట్టబడినది, లోపల ఏమున్నది అని అడిగి తెలిసికొనవలసిన భారము చోదకునిపైనను, సరకు నెక్కించువారిపైనను కలదు. ఈ కొలువు తేలికైనదని ఎట్లనగలము?

ఎన్నికలో చూడవలసిన గుణములు కొన్ని యున్నట్లే, చూడరాని విషయములును కొన్ని కలవు. ప్రేమ్ మాథుర్ అను యువతి 1947లో వృత్తిచోదకురాలి లైసెన్సు పొందెను. ఆమెకు నేర్పు లేదని ఎవ్వరు ననలేదు. ఐనను స్త్రీ యను కారణమున పలు సంస్థలు ఆమెను నిరాకరించెను. తుదకు హైదరాబాదు బేగంపేట కేంద్రముగానున్న డెక్కన్ ఎయిర్‌వేస్ ఆమెను సహచోదకురాలిగా తీసికొనెను. 1949లో ఆమె జాతీయ విమానపందెమున గెలిచెను. నిరాకరించిన సంస్థలు పరీక్షింపవలసినదానిని పరీక్షింపక, అక్కరలేనిదానిని చూచినవి. విమానము తన్ను నడపువారు పురుషులా, స్త్రీలా యని అడుగదు. మన ప్రాంతపు సంస్థయొకటి ఆనాడు ఆ తలుపు తెరచినందుకు మనము సంతోషింపవచ్చును.

ఇక సంస్థ చేయవలసిన పని యొకటి మిగిలినది. రాత్రి నిద్రించుట మనిషి శరీరమునకు సహజము. తెల్లవారుజామున మూడు నాలుగు గంటలకు ఎంత జాగరూకుడైనను మందగించును. 2013 ఆగస్టు 14వ తేదీన సూర్యోదయమునకు ముందు అమెరికాలోని బర్మింగ్‌హాం విమానాశ్రయమున దిగబోవుచు ఒక సరకు విమానము రన్‌వేకు ఇవతలనే గుట్టను తాకి కూలినది. చోదకులిరువురును మరణించిరి. దిగుటలో వారు చేసిన పొరపాట్లే కారణమనియు, ఆ పొరపాట్లకు అలసట తోడ్పడినదనియు విచారణాధికారులు తేల్చిరి. ఆ దేశమున చోదకుల విశ్రాంతినిగూర్చి కొత్త నియమములు 2014 జనవరిలో అమలులోనికి వచ్చినవి. ప్రయాణికుల విమానములకు అవి విధిగా వర్తించినవి. సరకు విమానములకు మాత్రము మినహాయింపు నొసగిరి. ఖర్చు ఎక్కువగుననుట అందుకు చెప్పిన కారణములలో ముఖ్యమైనది. ఇది న్యాయమని నాకు తోచదు. రాత్రి మేలుకొనువానికే విశ్రాంతి ఎక్కువ కావలెను గాని తక్కువ కాదు. చోదకుని నిజాయితీని పరీక్షించి తీసికొను సంస్థ, “నేను అలసితిని, నేడు ఎగురలేను” అని అతడు నిజము చెప్పిననాడు అతనిని శిక్షింపరాదు. శిక్షించినచో మరునాడతడు అబద్ధమాడుట నేర్చుకొనును.

బాలబాలికలారా! మీలో కొందరికి ఆకాశమున ఎగురవలెనను కోరిక యుండవచ్చును. అది మంచి కోరిక. గణితమును, భౌతికశాస్త్రమును శ్రద్ధగా చదువుడు. కన్నులను, శరీరమును కాపాడుకొనుడు. ఈ శిక్షణకు ధనము మిక్కుటముగా కావలెనన్నది నిజము. కావున విద్యార్థివేతనములు, బ్యాంకు ఋణములనుగూర్చి ముందుగానే పెద్దలతో కలిసి విచారింపుడు. వీనితోపాటు మరియొక అభ్యాసము కలదు; దానికి ఖర్చు లేదు. ప్రయోగశాలలో తప్పుగా వచ్చిన అంకెను దిద్దక, వచ్చినదానిని వచ్చినట్లు వ్రాయుడు. ఉపాధ్యాయుడు గదిలో లేనప్పుడు కూడ లెక్కను పూర్తిగా చేయుడు. తెలియనిదానిని తెలియదని చెప్పుడు. పదియేండ్ల తరువాత ఒక రాత్రి వర్షములో, మందుపెట్టెలు నిండిన విమానమున, మీ ఎదుటి ముల్లు చూపునది మీకు నచ్చని అంకె కావచ్చును. ఆ అంకెను ఉన్నదున్నట్లు చదువగలిగినచో మందులును చేరును, మీరును ఇల్లు చేరుదురు.