నోరు కిందికే ఎందుకు జారుతుంది?

ఇరవై రోజుల కిందట చాట్రాయి దగ్గర ఒక మామిడి తోటలో చిక్కంలోంచి నాలుగు రసాలు జారి కిందపడి పగిలాయి. చెట్టు మీదున్నది మా గూడెం కుర్రాడు. డిగ్రీ రెండో ఏడాది. సెలవుల్లో కూలికెళ్లాడు. తోట ఆసామి పదిమంది కూలీల ముందు "మాదిగ నా..." అని మొదలుపెట్టి వాడి తల్లి దాకా వెళ్లాడు. ఆ తల్లి అదే చెట్టు కింద కాయలు ఏరుతోంది.

సాయంత్రం పెద్దమనుషుల మాట మీకు తెలిసిందే. "కోపంలో నోరు జారాడులే, మనసులో ఏం లేదు."

మా స్టాఫ్ రూములో ఒకాయన ఈ మాటకు సైన్సు చొక్కా తొడిగాడు. "డాక్టరు గారూ, తిట్లు ఆలోచించే మెదడులోంచి రావండీ. అవి వాటంతటవే వస్తాయి." నా పీహెచ్‌డీ తెలుగులో, నరాల మీద కాదు. అయినా చదివాను. ఆ తిట్టు పడేది మా మీద కదా.

1861లో పారిస్‌లో పాల్ బ్రోకా అనే డాక్టరు లెబోర్న్ అనే రోగిని చూశాడు. ఏమడిగినా "టాన్" అనడం తప్ప మరో మాట లేదు. ఒళ్లు మండినప్పుడు మాత్రం దేవుడి పేరు మీద ఒక తిట్టు ఊడిపడేది. చనిపోయాక చూస్తే మెదడు ఎడమవైపు ముందుభాగం పాడైపోయి ఉంది. మాట పోయినా తిట్టు మిగిలింది. అలవాటు తిట్లలో మెదడు కుడిసగానికీ, లోపలుండే బేసల్ గాంగ్లియాకీ, కోపంతో భయంతో పనిచేసే అమిగ్డాలాకీ పాత్ర ఉందని తర్వాతివాళ్లు చెప్పారు. ఇక్కడిదాకా మా స్టాఫ్ రూము ఆయన చెప్పింది నిజమే.

ఆయన అక్కడే పుస్తకం మూసేశాడు. లెబోర్న్ నోట వచ్చింది ఫ్రెంచి తిట్టు. తెలుగు తిట్టు రాలేదేం? లోపల ఏది దాచుకుంటే అదే బయటికొస్తుంది. బేసల్ గాంగ్లియా సైకిల్ తొక్కడంలాంటి అలవాట్లను దాచిపెట్టే కొట్టు. పదేపదే చేస్తేగానీ ఏదీ అందులో చేరదు. మరి ఆసామికి ఆ మాట "దానంతటదే" వచ్చిందంటే, అరుగు మీద తాత నోట, గట్టు మీద తండ్రి నోట ఎన్నిసార్లు విన్నాడో, తానెన్నిసార్లు అన్నాడో. మనసులో ఏం లేదంటారేమిటి? మనసు కంటే లోతుకు దిగిపోయింది.

పోనీ, మెదడు ముందుభాగంలో బ్రేకు కూడా ఉంది కదా. ఇదే ఆసామి మార్కెట్లో తరుగు కింద డబ్బులు కోసేసిన వ్యాపారి ముందు పళ్లు కొరుక్కుంటాడు. బ్యాంకు మేనేజరు లోను కాగితాలు మొహాన పడేసినా "సార్" అంటాడు. అక్కడా కోపమే వచ్చింది. బ్రేకు బాగానే పడింది. గూడెం వైపు తిరిగినప్పుడే కాలు తీసేస్తున్నాడు.

ఇక వినేవాడి సంగతి. తుర్కీ మాతృభాషగా ఉండి తర్వాత ఇంగ్లీషు నేర్చుకున్నవాళ్లకు రెండు భాషల్లోనూ తిట్లూ చిన్నప్పటి చీవాట్లూ వినిపించి, చర్మంలో వచ్చే మార్పును కొలిచారు. ఆ అధ్యయనం 2003లో అచ్చయింది. తుర్కీ చీవాట్లకే చర్మం ఎక్కువగా ఉలిక్కిపడింది. నాకు ఆశ్చర్యం లేదు. ఇంగ్లీషులో ఎవడేమన్నా దులిపేసుకుంటాను. ఆ తెలుగు మాట వినబడితే ముప్పై దాటినా నా అరచేతుల్లో చెమట పడుతుంది.

మాట మీదే కోపమా? కాదు. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో దండోరా మొదలైంది. మంద కృష్ణ పేరు చివర మాదిగ చేరింది, ఆయన వెనక ఎందరో చేర్చుకున్నారు. అవే మూడక్షరాలు. సభలో మైకులో వినిపిస్తే ఒళ్లు పులకరిస్తుంది, తోటలో వినిపిస్తే రగిలిపోతుంది. ఎవరన్నారో, ఎందుకన్నారో కూడా మెదడు వింటుందండీ.

చట్టం కూడా వినాలి. అట్రాసిటీ చట్టం సవరణ 2016 జనవరి 26న అమల్లోకొచ్చింది. పదిమందికీ కనబడే చోట కులం పేరుతో తిట్టడం అందులో విడి నేరం, 3(1)(ఎస్). అది ఆసామి ఇంటి నట్టిల్లు కాదు, పట్టపగలు తోట.

కుర్రాడు స్టేషనుకెళ్దామంటున్నాడు. తల్లి వద్దనడం లేదు. అక్కడున్న పదిమందిలో ముగ్గురు సాక్ష్యం చెబుతామన్నారు. మిగతా ఏడుగురికీ కోత అయ్యేదాకా అదే తోటలో కూలి.

జై భీమ్.