వీధి గుమ్మమా, పెరటి గుమ్మమా?

“పాత హీరోలు ఎన్నేళ్ళకి తిరిగొచ్చినా హీరోలుగానే వస్తారు. హీరోయిన్లు మాత్రం అక్కలో, అమ్మలో అయి వస్తారు. ఎందుకండీ?” అని ఒక కాలేజీ అమ్మాయి నన్నడిగింది. “లోకం తీరే అంతమ్మా” అని ఒక్క ముక్కలో తేల్చేస్తే ఈ వారం నా శీర్షిక ఇక్కడే అయిపోతుంది. అలాక్కాదు గానీ, వెళ్ళినవాళ్ళు ఎవరెవరు, ఏ గుమ్మంలోంచి తిరిగొచ్చారో ఒకసారి చూద్దాం రండి.

ముందు పెద్దాయనతో మొదలెడదాం. ఎన్టీఆర్ 1983 జనవరిలో ముఖ్యమంత్రి అయ్యారు. పదవిలో ఉండగానే 1984లో ‘శ్రీమద్విరాట్ వీరబ్రహ్మేంద్రస్వామి చరిత్ర’ వచ్చింది, అది వేరే సంగతి. 1989 ఎన్నికల్లో ఓడిపోయాక ఆయన మళ్ళీ ముఖానికి రంగేసుకున్నారు. స్వీయ దర్శకత్వంలో 1991లో ‘బ్రహ్మర్షి విశ్వామిత్ర’ తీశారు. జనం అంతగా ఆదరించలేదు. తర్వాత 1993 ఏప్రిల్‌లో ‘మేజర్ చంద్రకాంత్’ వచ్చింది. మోహన్‌బాబు నిర్మాత, కె. రాఘవేంద్రరావు దర్శకుడు. హాళ్ళు ఊగిపోయాయి. అప్పటికి ఆయనకు 70 నిండటానికి ఒక్క నెల తక్కువ!

ఏమిటీ తేడా అంటారా? విశ్వామిత్రుడిలో జనం చూసింది తమకు ఎప్పుడో తెలిసిన పౌరాణిక ఎన్టీఆర్‌నే. మేజర్ చంద్రకాంత్ అలా కాదు. సైన్యంలో పనిచేసి వచ్చిన పెద్దమనిషి, ఎదిగిన కొడుకున్న తండ్రి. ఆయన వయసుకీ, ఆయన వెనకున్న అధికారానికీ, ఓటమికీ కూడా ఆ పాత్రలో చోటుంది. అన్నిటికంటే ముఖ్యం, టైటిల్ ఆయన పేరు మీదే ఉంది. వీధి గుమ్మంలోంచి, మంగళవాద్యాలతో రాక అన్నమాట.

ఇక మెగాస్టార్. 2007లో ‘శంకర్‌దాదా జిందాబాద్’ చేశారు. 2008లో పార్టీ పెట్టారు, 2012లో కేంద్రమంత్రి అయ్యారు. మధ్యలో ‘మగధీర’, ‘బ్రూస్‌లీ’ చిత్రాల్లో అలా మెరిసి వెళ్ళారే గానీ పూర్తి నిడివి పాత్ర లేదు. 2017 జనవరి 11న ‘ఖైదీ నంబర్ 150’ విడుదలైంది. తమిళ ‘కత్తి’కి రీమేకు, వి.వి. వినాయక్ దర్శకత్వం. అందులో ద్విపాత్రాభినయం, ఫైట్లు, స్టెప్పులు అన్నీ ఉన్నాయి. హీరో వయసు 61. పక్కన కాజల్ అగర్వాల్, ఆయనకంటే దాదాపు 30 ఏళ్ళు చిన్న. పదేళ్ళు కుర్చీ ఖాళీగా ఉన్నా, ఆ కుర్చీ మీద తుండుగుడ్డ వేసి జనమే కాపలా కాశారు. ఇదీ వీధి గుమ్మమే.

ఇప్పుడు విజయశాంతి దగ్గరకొద్దాం. మీలో చాలామంది ‘కర్తవ్యం’ విడుదలయ్యేనాటికి పుట్టి కూడా ఉండరు. 1990లో వచ్చింది. అందులో ఆవిడ వైజయంతి అనే పోలీసు ఆఫీసరు. ఆ పాత్రకి జాతీయ ఉత్తమ నటి అవార్డు వచ్చింది. 1997లో ‘ఒసేయ్ రాములమ్మా’ అయితే ఆవిడ పేరునే మార్చేసింది, ఇవాళ్టికీ రాములమ్మే! హీరో ఎవరని అడక్కుండా ఆవిడ బొమ్మ చూసి టిక్కెట్టు కొన్న రోజులవి. 2006లో ‘నాయుడమ్మ’ తర్వాత తెరకు దూరమయ్యారు. రాజకీయాల్లో తలమునకలై 2009లో మెదక్ నుంచి లోక్‌సభకు వెళ్ళారు.

తిరిగొచ్చింది 2020 జనవరిలో, ‘సరిలేరు నీకెవ్వరు’తో. 1989లో ‘కొడుకు దిద్దిన కాపురం’లో ఆవిడ ముందు బాలనటుడిగా నిలబడ్డ మహేష్‌బాబు ఇక్కడ హీరో. ఆవిడది కర్నూలులో మంత్రికి తలవంచని ప్రొఫెసర్ భారతి పాత్ర. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, అనిల్ రావిపూడి ఆ పాత్రను గౌరవంగా మలిచాడు. ఆవిడ నిలబడి చూస్తే చాలు, ఎదుటివాడు తగ్గాలనిపిస్తుంది. ఆ నిలకడ రాజకీయ సభల్లో నలిగిన ఏళ్ళు ఇచ్చిందేమోనని నా అనుమానం. అయినా సినిమా హీరోదే. 2025 ఏప్రిల్‌లో కళ్యాణ్‌రామ్‌తో ‘అర్జున్ సన్ ఆఫ్ వైజయంతి’ వచ్చింది. మళ్ళీ పోలీసు, మళ్ళీ అదే వైజయంతి పేరు! ఈసారి టైటిల్లోకి ఎక్కారు, కానీ కొడుకు పేరు ముందు, తల్లి పేరు వెనక.

చూశారా? ఒకప్పుడు మార్కెట్టున్న మనిషికే ఇలా జరిగితే మిగతావాళ్ళ సంగతి చెప్పాలా? అమల 1992 తర్వాత సినిమాలొదిలి హైదరాబాద్‌లో బ్లూ క్రాస్ పెట్టి మూగజీవాల సేవలో మునిగారు. 2012లో శేఖర్ కమ్ముల ‘లైఫ్ ఈజ్ బ్యూటిఫుల్’తో వచ్చారు. అమ్మగా!

హీరోలందరికీ వీధి గుమ్మమేనా అంటే అదీ కాదు. 1999లో వచ్చిన ‘స్వయంవరం’ జంట గుర్తుందా? వేణు, లయ. తమాషా ఏమిటంటే ఇద్దరూ వెళ్ళిపోయారు, ఇద్దరూ తిరిగొచ్చారు. వేణు వ్యాపారం చూసుకుని, 2022లో రవితేజ ‘రామారావు ఆన్ డ్యూటీ’లో సీఐ పాత్రలో కనిపించాడు. లయ పెళ్ళి చేసుకుని అమెరికా వెళ్ళి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసింది. ‘మనోహరం’, ‘ప్రేమించు’ చిత్రాలకి వరసగా నందులందుకున్న నటి సుమా! 2018లో ఒక చిన్న పాత్రలో కనిపించినా, అసలు రాక 2025 జులైలో ‘తమ్ముడు’తోనే. నితిన్‌కి అక్కగా. చిత్రం ఆడలేదు.

కాబట్టి తేలిందేమిటంటే, గుమ్మం దగ్గర కూర్చున్నది దర్శకుడు కాదు, బాక్సాఫీసు లెక్కల పుస్తకం. మొదటి రోజు ఎన్ని టిక్కెట్లు తెగుతాయి అన్నదే దాని ప్రశ్న. వేణుకైనా లయకైనా అది ఒకటే జవాబు చెప్పింది. కానీ ఆ పుస్తకంలో మగవాడి పాత విజయాలు చక్రవడ్డీతో పెరుగుతాయి, ఆడదాని విజయాలు మాత్రం ఏటేటా మాఫీ అయిపోతుంటాయి. అక్కడుంది అన్యాయం.

అమ్మ పాత్ర తక్కువదని నేననడం లేదు. యాభై దాటిన స్త్రీకి అమ్మతనం తప్ప కథే లేనట్టు రాయడం తక్కువతనం. చట్టసభలో కూర్చుని వచ్చింది, పరాయి దేశంలో ఉద్యోగం చేసి వచ్చింది, గాయపడ్డ కుక్కపిల్లల్ని ఎత్తుకుని వీధులు తిరిగి వచ్చింది. వాళ్ళ దగ్గర కథల్లేవా? కాల్‌షీట్లు అడిగేటప్పుడు ఆ ఏళ్ళని “గ్యాప్” అని తీసిపారేస్తున్నాం. గ్యాప్ మనకి. ఆవిడకి అది జీవితం.

కుర్ర పాఠకుల్లారా, ఆ లెక్కల పుస్తకం రాసేది మీరే. మొదటి రోజు, మొదటి ఆట మీదే కదా! ఎవరైనా దర్శకుడు ధైర్యం చేసి, తిరిగొచ్చిన నటి మీద సినిమా మొత్తం నడిపిస్తే, “టీవీలో వస్తుందిలే” అని ఊరుకోకండి. నా మటుకు నేను ఆ పొద్దుటాటకే క్యూలో ఉంటాను. మీరు ఆలస్యం చేస్తే మీక్కూడా టిక్కెట్టు తీసి ఉంచుతాను గానీ, డబ్బులు మాత్రం ఇచ్చెయ్యాలి!